గ్రాంటు గెలిచినా చేతి చమురు ఎందుకు వదులుతుంది? పరిశోధన సంస్థల దరఖాస్తులు, బడ్జెట్ల లోపలి లెక్క

క్లుప్తంగా

లాభాపేక్ష లేని పరిశోధన సంస్థకు గ్రాంటు వచ్చినంత మాత్రాన ఆ పరిశోధనకయ్యే ఖర్చంతా వచ్చినట్టు కాదు. మూడు చోట్ల తేడా పడుతుంది: పరోక్ష వ్యయంపై (కరెంటు, అకౌంట్స్ వంటి ఉమ్మడి ఖర్చులపై) ఉండే పరిమితి, ముందు ఖర్చుపెట్టి తర్వాత రాబట్టుకోవాల్సిన చెల్లింపు పద్ధతి, దరఖాస్తులో రాసిచ్చిన హామీలు. డబ్బు తగ్గినట్టు తెలిసేది గ్రాంటు నడుస్తుండగా. ఎంత తగ్గుతుందన్నది మాత్రం బడ్జెట్ పట్టిక తయారైన రోజే తేలిపోతుంది.

2025 ఫిబ్రవరి 7న అమెరికాలో వైద్య పరిశోధనకు నిధులిచ్చే ప్రభుత్వ సంస్థ నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్, పొట్టిపేరుతో ఎన్‌ఐహెచ్, ఒక నోటీసు ఇచ్చింది. ఇకపై పరోక్ష వ్యయం కింద 15 శాతమే ఇస్తామన్నది దాని సారాంశం. అప్పటిదాకా ఒక్కో సంస్థ ప్రభుత్వంతో కుదుర్చుకున్న రేటు ఒక్కోలా ఉండేది; 50 శాతం దాటినవీ ఉన్నాయి. రాష్ట్రాలు, విశ్వవిద్యాలయాల సంఘాలు కోర్టుకెక్కాయి. ఏప్రిల్‌లో మసాచుసెట్స్ ఫెడరల్ జిల్లా కోర్టు ఆ నోటీసు అమలు కాకుండా శాశ్వత ఉత్తర్వు ఇచ్చింది. కోర్టు సంగతి అలా ఉంచితే, ఆ కొద్ది వారాల్లో ఒక ప్రశ్న చాలామంది నోట వినిపించింది: పరిశోధనకని ఇచ్చిన డబ్బులో నాలుగో వంతు ఆఫీసు ఖర్చులకు పోవడమేమిటి?

ప్రశ్న సబబైనదే. అయితే పరిశోధన సంస్థల అకౌంట్స్ విభాగాల్లో ఇంకో ప్రశ్న ఎప్పటి నుంచో నలుగుతోంది. గ్రాంట్లు పెరిగిన ఏడాదే చేతిలో డబ్బుకు కటకట ఎందుకు? రెండు ప్రశ్నలకూ జవాబు ఒకచోటే ఉంది. గ్రాంటు ఒక ప్రాజెక్టుకు డబ్బిస్తుంది. ఆ ప్రాజెక్టును మోసే సంస్థకు కొంతే ఇస్తుంది. విశ్వవిద్యాలయానికైతే ఫీజులుంటాయి, ప్రభుత్వ కేటాయింపులుంటాయి. స్వతంత్ర పరిశోధన సంస్థకు చాలాసార్లు గ్రాంట్లే ఆదాయం. పది శాతం తేడా వచ్చినా అక్కడ అది జీతాల దాకా పాకుతుంది.

రేటు వేరు, వాటా వేరు

గందరగోళంలో సగం ఇక్కడే పుడుతుంది. ఎన్‌ఐహెచ్ తన నోటీసులోనే ఇచ్చిన అంకెల ప్రకారం 2023 ఆర్థిక సంవత్సరంలో గ్రాంట్లకు వెళ్లింది సుమారు 3,500 కోట్ల డాలర్లు. అందులో 2,600 కోట్లు ప్రత్యక్ష వ్యయం, అంటే ప్రాజెక్టుకే నేరుగా అయ్యే ఖర్చు; 900 కోట్లు పరోక్ష వ్యయం. ఆ 900ని 2,600తో పోలిస్తే దాదాపు 35 శాతం. మొత్తం 3,500తో పోలిస్తే 26 శాతం. డబ్బు అదే, శాతాలు రెండు. మొదటిది రేటు, రెండోది వాటా. 50 శాతం రేటు అని వినగానే నిధుల్లో సగం పోయిందని అనుకోవడం సహజం. నిజానికి అది మొత్తంలో మూడో వంతుకు మించదు. చాలాసార్లు అంత కూడా ఉండదు. ఎందుకంటే రేటును ప్రత్యక్ష వ్యయమంతటి మీదా వేయరు.

దేని మీద వేస్తారన్నది చూద్దాం. అమెరికా ఫెడరల్ నిబంధనలు పరికరాలను, విద్యార్థుల ఫీజు మినహాయింపులను, ఫెలోషిప్‌లను, అద్దెలను, సబ్‌అవార్డులో (గ్రాంటులోంచి భాగస్వామి సంస్థకు ఇచ్చే వాటాలో) తొలి 50,000 డాలర్లు దాటిన భాగాన్ని తీసేసి, మిగిలిన మొత్తం మీదే రేటు లెక్కగట్టమంటాయి. దీన్నే సవరించిన ప్రత్యక్ష వ్యయం అంటారు. ఒక ప్రాజెక్టు మొదటి ఏడాది బడ్జెట్‌ను వేల డాలర్లలో ఇలా అనుకుందాం: జీతాలు, వాటిపై అదనపు ప్రయోజనాలు కలిపి 200, రసాయనాలు, కిట్లు 60, ప్రయాణాలు 10, ప్రచురణ రుసుము 10, ఒక పరికరం 120, భాగస్వామి సంస్థకు సబ్‌అవార్డు 100. మొత్తం ప్రత్యక్ష వ్యయం 500. పరికరం 120 తీసేయాలి. సబ్‌అవార్డులో 50 తీసేయాలి. మిగిలింది 330. సంస్థ రేటు 40 శాతమైతే పరోక్ష వ్యయం 132. మొత్తం బడ్జెట్ 632. అందులో పరోక్ష వ్యయం వాటా దాదాపు 21 శాతం.

కొత్తగా లెక్క కట్టేవారు ఎక్కువగా చేసే పొరపాటు, 40 శాతాన్ని నేరుగా 500 మీద వేసి 200 రాయడం. నిధిదాత దాన్ని సరిదిద్ది 132కు తగ్గించడం పెద్ద నష్టమేమీ కాదు. ఆ 68 కూడా వస్తుందనుకుని సంస్థ తన ఆఫీసు బడ్జెట్ వేసుకుంటేనే అసలు నష్టం.

రెండో ఏడాదిలో ఇంకో మెలిక ఉంది. సబ్‌అవార్డులో తొలి 50,000 అనే లెక్క దాని మొత్తం కాలానికి ఒక్కసారే వర్తిస్తుంది, ఏటా కాదు. జీతాలు 5 శాతం పెరిగి 210 అయి, పరికరం కొనేది లేకపోతే ప్రత్యక్ష వ్యయం 390, సబ్‌అవార్డు 100 మొత్తం పక్కకు పోతుంది, రేటు పడేది 290 మీద, వచ్చేది 116. ప్రాజెక్టు పని ఏమీ తగ్గలేదు, సంస్థకు వచ్చేది మాత్రం తగ్గింది. మొదటి ఏడాది పట్టికను మక్కీకి మక్కీ మిగతా ఏళ్లకు దించేస్తే ఈ తేడా కనబడదు.

ఇంతకీ ఈ పరోక్ష వ్యయంలో ఏముంటుంది? కరెంటు, నీరు, సున్నాకు 80 డిగ్రీల దిగువన నడిచే ఫ్రీజర్ల నిర్వహణ, అకౌంట్స్, కొనుగోళ్లు, నైతిక సమీక్ష కమిటీ, జీవభద్రత, కంప్యూటర్ నెట్‌వర్క్, ఆడిట్. వీటిలో ఏదీ ఫలానా ప్రాజెక్టుదని వేలెత్తి చూపలేం. చూపాలంటే ఆ కొలతకే వేరే ఉద్యోగి కావాలి. అందుకే శాతం పద్ధతి పుట్టింది. బ్రిడ్జ్‌స్పాన్ అనే సలహా సంస్థ 2016లో 20 లాభాపేక్ష లేని సంస్థల అసలు ఖర్చులు పరిశీలిస్తే, ప్రత్యక్ష వ్యయంతో పోల్చినప్పుడు పరోక్ష వ్యయం 21 నుంచి 89 శాతం దాకా ఉంది, మధ్యస్థం 40. పై ఉదాహరణలోని సంస్థకు నిధిదాత 15 శాతమే ఇస్తే వచ్చేది 49.5. లోటు 82.5. అలాంటి గ్రాంట్లు నాలుగు గెలిస్తే ఏడాదికి లోటు 330. గెలుపు పెరిగేకొద్దీ లోటు తడిసి మోపెడవడం అంటే ఇదే.

నిధిదాతల తీరు ఒకటి కాదు

యూరోపియన్ యూనియన్ వారి పరిశోధన నిధుల పథకం హొరైజన్ యూరప్ రేటు బేరాలు పెట్టుకోదు. అర్హమైన ప్రత్యక్ష వ్యయంలో, సబ్‌కాంట్రాక్టుల వంటివి మినహాయించి, అందరికీ 25 శాతం ఇస్తుంది. దానికి రశీదులు అడగదు. బ్రిటన్ 2005 నుంచి పూర్తి ఆర్థిక వ్యయ పద్ధతిని నడుపుతోంది. ప్రాజెక్టు అసలు ఖర్చంతా ముందు లెక్కగట్టి, పరిశోధన మండళ్లు సాధారణంగా అందులో 80 శాతం ఇస్తాయి. మిగతా 20 సంస్థ తెచ్చుకోవాలి. గేట్స్ ఫౌండేషన్ స్వచ్ఛంద సంస్థలకు గరిష్ఠంగా 15 శాతం అంటుంది. అమెరికా ఫెడరల్ గ్రాంట్లలో, కుదుర్చుకున్న రేటు లేని సంస్థ ఏ రుజువూ చూపకుండా తీసుకోగల రేటు 10 శాతం ఉండేది. 2024 అక్టోబర్ 1 నుంచి 15 శాతమైంది. అదే సవరణతో సబ్‌అవార్డు పరిమితి 25,000 నుంచి 50,000 డాలర్లకు, పరికరం అనిపించుకోవడానికి కావాల్సిన కనీస ధర 5,000 నుంచి 10,000 డాలర్లకు పెరిగాయి. పాత టెంప్లేట్లు వాడే సంస్థలు ఇక్కడ ఇప్పటికీ తడబడుతున్నాయి: 7,000 డాలర్ల సెంట్రిఫ్యూజ్‌ను పరికరాల పద్దులో వేస్తే, దానిపై రావాల్సిన పరోక్ష వ్యయం చేజేతులా వదులుకున్నట్టే.

భారతదేశంలో విదేశీ విరాళాల నియంత్రణ చట్టం పరిమితి విధించే తీరు వేరు. నిధిదాత ఎంత ఇచ్చినా, వచ్చిన విదేశీ నిధుల్లో పాలనా వ్యయం 20 శాతం దాటకూడదు. 2020 సవరణకు ముందు ఇది 50 శాతం. అదే సవరణ విదేశీ నిధిని మరో సంస్థకు బదలాయించడాన్నీ ఆపేసింది. కాబట్టి సబ్‌అవార్డులతో అల్లిన ప్రాజెక్టు అక్కడ ఆ రూపంలో నడవదు. అయితే ప్రధానంగా పరిశోధన చేసే సంస్థల్లో క్షేత్ర సమాచారం సేకరించే, విశ్లేషించే సిబ్బంది జీతాలు పాలనా వ్యయం కిందికి రావని నిబంధనలే చెబుతున్నాయి. నియామక పత్రంలో ఆ ఉద్యోగి పని ఏమిటో స్పష్టంగా లేకపోతే ఈ వెసులుబాటు ఆడిట్‌లో నిలవదు.

ప్రయోగశాలలు, జంతుశాలలు ఉన్న సంస్థకు బేరమాడి కుదుర్చుకునే రేటు మేలు. సర్వేలు, విధాన పరిశోధన చేసే చిన్న సంస్థకు స్థిర శాతమే నయం; రేటు ప్రతిపాదన తయారుచేసే శ్రమ మిగులుతుంది. పరిమితి తక్కువగా ఉన్నచోట, కొలవగలిగిన వాటిని ప్రత్యక్ష పద్దులోకి తేవడం న్యాయమైన మార్గమే. మైక్రోస్కోప్ వాడకం గంటల్లో, డేటా నిల్వ టెరాబైట్లలో, ప్రాజెక్టు అకౌంటెంట్ పని నెలల్లో చూపవచ్చు. ఒక్క షరతు: ఒకే రకం ఖర్చును ఒక గ్రాంటులో ప్రత్యక్షంగా, మరో గ్రాంటులో పరోక్షంగా చూపితే రెండుసార్లు వసూలు చేసినట్టవుతుంది. ఆడిటర్లు మొదట వెతికేది దీన్నే.

దరఖాస్తు: గడువుకు పది వారాల ముందు

తిరస్కరణ అనగానే శాస్త్రం బలహీనమైందని అనుకుంటాం. సమీక్షకుల దాకా వెళ్లకుండానే వెనక్కొచ్చే దరఖాస్తులు వేరే కారణాలతో వస్తాయి. ఎన్‌ఐహెచ్‌లో ఆర్01 అనే సాధారణ పరిశోధన గ్రాంటు దరఖాస్తులో పరిశోధన వ్యూహం 12 పేజీలు దాటకూడదు, అక్షరం సైజు 11 పాయింట్లకు తగ్గకూడదు. అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌లో ప్రాజెక్టు వివరణకు 15 పేజీలు. హొరైజన్ గడువు బ్రస్సెల్స్ కాలమానంలో సాయంత్రం 5 గంటలు. ఎన్‌ఐహెచ్ గడువు దరఖాస్తు చేసే సంస్థ ఉన్న చోటి కాలమానంలో సాయంత్రం 5 గంటలు. అమెరికా ఫెడరల్ నిధులకు సామ్ అనే పోర్టల్‌లో నమోదు తప్పనిసరి, దాన్ని ఏటా పునరుద్ధరించాలి. అది గడువు వారంలో చెల్లకుండా పోయిందని తెలిస్తే చేయగలిగేది పెద్దగా ఉండదు, ఎందుకంటే పునరుద్ధరణకు రోజులు, కొత్త నమోదుకైతే వారాలు పడుతుంది.

అందుకే పది వారాల ముందు జరగాల్సింది రాయడం మొదలెట్టడం కాదు, రాయాలా వద్దా అని తేల్చుకోవడం. సంస్థకు అర్హత ఉందా, పరోక్ష వ్యయం ఎంత ఇస్తారు, సంస్థ సొంత వాటా పెట్టాలా, ప్రధాన పరిశోధకులకు ఖాళీ నెలలున్నాయా? ఈ నాలుగింటికీ ఒక పేజీలో జవాబు రావాలి. వద్దనుకోవడం వల్ల మిగిలేది చిన్న మొత్తం కాదు. ఆస్ట్రేలియా వైద్య పరిశోధన మండలికి 2012లో వచ్చిన 3,727 దరఖాస్తులపై జరిగిన ఒక అధ్యయనం, వాటి తయారీకి పరిశోధకులు వెచ్చించిన కాలం మొత్తం 550 పని సంవత్సరాలని అంచనా కట్టింది. కొత్త దరఖాస్తుకు సగటున 38 పనిదినాలు. నెగ్గినవి అయిదింట ఒకటి. ఎక్కువ రోజులు పెట్టినవారు ఎక్కువగా నెగ్గారనడానికీ ఆధారం దొరకలేదు. ఎన్‌ఐహెచ్ అయితే 2025 సెప్టెంబర్ 25 నుంచి ఒక ప్రధాన పరిశోధకుడి పేరిట క్యాలెండర్ సంవత్సరంలో ఆరు దరఖాస్తులకు మించి తీసుకోవడం లేదు. ఏది వేయాలి, ఏది వదలాలి అనే ఎంపిక ఇప్పుడు ఇంకా బరువైంది.

ఆరు వారాల ముందు బడ్జెట్ తొలి ముసాయిదా. దీన్ని పోయినసారి పట్టిక నుంచి తీయకూడదు, పద్ధతుల విభాగం నుంచి తీయాలి. మూడు గుంపులు, గుంపుకు 12 ఎలుకలు, నాలుగు కాలబిందువులు అంటే 144. పదో వంతు నష్టం కలిపితే 159. బోనుకు అయిదు చొప్పున 32 బోన్లు. 90 రోజులు ఉంచాలంటే 2,880 బోను-రోజులు. జంతుశాల రోజువారీ రుసుముతో దీన్ని గుణిస్తే ఆ వరుస పూర్తయినట్టు. బడ్జెట్‌లో 120 ఎలుకలని, పద్ధతుల్లో 144 అని ఉంటే సమీక్షకులు దాన్ని పట్టుకుంటారు. వారికి అది టైపు పొరపాటులా కనిపించదు, ప్రయోగం గురించి ఆలోచించలేదన్నట్టు కనిపిస్తుంది. బడ్జెట్ సమర్థన పత్రంలో "రసాయనాలు: 60,000" అని ఒక్క ముక్క రాస్తే కాకి లెక్కగానే తోస్తుంది. నమూనాకు ఇంత, నమూనాలు ఇన్ని, తిరిగి చేయాల్సినవి ఇన్ని అని రాస్తే అదే మొత్తానికి కోత పడే అవకాశం తగ్గుతుంది.

నాలుగు వారాల ముందు భాగస్వామి సంస్థల కాగితాలు చేతికి రావాలి: పని పరిధి, బడ్జెట్, సమర్థన, రేటు ఒప్పందం, అధీకృత అధికారి సంతకం చేసిన లేఖ. ఆలస్యం ఎక్కువగా జరిగేది ఆ సంతకం దగ్గరే. అక్కడి శాస్త్రవేత్త మెయిల్‌లో సరేనంటే సరిపోతుందని అనుకుంటారు. గ్రాంటు వచ్చేది శాస్త్రవేత్తకు కాదు, సంస్థకు. సంస్థ తరఫున సంతకం చేసే హక్కు శాస్త్రవేత్తకు ఉండదు. బడ్జెట్‌ను పది పనిదినాల ముందు ముద్రవేసి మూసేయాలి, శాస్త్ర భాగాన్ని మూడు రోజుల ముందు దాకా సరిదిద్దుకోనివ్వవచ్చు. ఎన్‌ఐహెచ్ వ్యవస్థలో దరఖాస్తు చేరాక దాన్ని చూసుకోవడానికి రెండు పనిదినాల వ్యవధి ఉంటుంది. గడువుకు ముందే పంపినవారికే ఆ రెండు రోజుల్లో తప్పు దిద్దుకునే వీలు.

నెలల్లో కొలిచే మనుషులు

జీతం పద్దులో శాతాలకన్నా వ్యక్తి-నెలలు నమ్మదగ్గవి. 20 శాతం అంటే ఏడాదికి 2.4 నెలలు. ఒక ప్రధాన పరిశోధకురాలు నాలుగు దరఖాస్తుల్లో 3.6 నెలల చొప్పున రాశారనుకుందాం. అన్నీ వస్తే 14.4 నెలలు. అన్నీ రావులెమ్మని సర్దుకుంటారు. కానీ ఇప్పటికే నడుస్తున్న గ్రాంట్లలో 7.2 నెలలు ఉంటే, నాలుగింటిలో రెండు వచ్చినా 14.4 అవుతుంది. ఏడాదికి పన్నెండే నెలలు. ఎన్‌ఐహెచ్ గ్రాంటులో ముఖ్య సిబ్బంది ఒప్పుకున్న సమయాన్ని 25 శాతం, అంతకుమించి తగ్గించాలంటే ముందస్తు అనుమతి కావాలి. కాబట్టి ప్రతి దరఖాస్తుకు ముందు, నడుస్తున్నవి, ఫలితం రావాల్సినవి కలిపిన పట్టిక ఒకటి తాజాగా ఉండాలి.

మరిచిపోయే పద్దులు ఎప్పుడూ అవే. మూడేళ్ల ఇంక్రిమెంట్లు, సెలవు నగదు, సర్వీసు ముగింపు చెల్లింపులు, ప్రసూతి సెలవులో బదులు మనిషి. ఎన్‌ఐహెచ్ గ్రాంట్లలో జీతానికి వార్షిక పరిమితి ఉంది. దాన్ని మించిన భాగం సంస్థే పెట్టుకోవాలి. హొరైజన్‌లో లెక్క రోజుల్లో సాగుతుంది: ఏడాది సిబ్బంది వ్యయాన్ని 215తో భాగిస్తే రోజు రేటు. ఒకే శాస్త్రవేత్త రెండు గ్రాంట్లలో ఉంటే ఒకచోట నెలలు, మరోచోట రోజులు లెక్కించాలి. రెండు కాగితాలూ ఒకదానికొకటి సరిపోవాలి.

అన్నిటికన్నా ఖరీదైనది ఒక మంచి వాక్యం. "సంస్థ తన సొంత నిధులతో సగం సమయం టెక్నీషియన్‌ను సమకూరుస్తుంది" అని వివరణలో రాస్తే దరఖాస్తుకు బలమొస్తుందని రాసేస్తారు. గ్రాంటు మంజూరైతే అది కట్టుబాటు అవుతుంది. ఆ టెక్నీషియన్ జీతానికి ఓచర్లు చూపాలి, చూపలేకపోతే గ్రాంటులోనే కోత పడవచ్చు. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఇలాంటి స్వచ్ఛంద వాటాలను దరఖాస్తులో చూపడాన్నే నిషేధించింది. డబ్బున్న సంస్థలకు అది అదనపు బలం కాకూడదన్నది ఆ నిషేధం వెనకున్న ఆలోచన, చిన్న సంస్థలకు మేలు చేసిన నిబంధన.

బ్యాంకులో ఉంది, వాడుకోవడానికి లేదు

చాలా ప్రభుత్వ గ్రాంట్లు ఖర్చు చేశాక తిరిగిచ్చే పద్ధతిలో నడుస్తాయి. నెలకు (వేల డాలర్లలోనే) 40 ఖర్చయ్యే ప్రాజెక్టు, మూడు నెలలకోసారి క్లెయిము, అది పరిష్కారమవడానికి రెండు నెలలు అనుకుంటే, డబ్బు చేతికొచ్చే వేళకు సంస్థ అయిదు నెలల ఖర్చు పెట్టుకుని ఉంటుంది. అంటే 200. ఇలాంటివి ఆరు ఉంటే 1,200 సొంత డబ్బు తిరుగుతూ ఉండాలి. నెలనెలా క్లెయిము వేస్తే అది మూడు నెలలకు, 720కి తగ్గుతుంది. కొత్త నిధి ఒక్క పైసా రాకుండా 480 చేతికొచ్చినట్టు. క్లెయిము షెడ్యూలు మార్చడం విసుగు పనే, కానీ ఇంత ఫలితమిచ్చే పని అకౌంట్స్ విభాగంలో మరొకటి లేదు.

అప్పు తెచ్చి నడిపిస్తే? నిర్వహణ మూలధనం కోసం చేసిన అప్పుపై వడ్డీని అమెరికా ఫెడరల్ నిబంధనలు అర్హమైన ఖర్చుగా ఒప్పుకోవు. హొరైజన్ కూడా ఒప్పుకోదు. ఆలస్యానికి కారణం నిధిదాత అయినా వడ్డీ సంస్థదే. హొరైజన్ ముందస్తు చెల్లింపు ఇస్తుంది, అది పెద్ద ఊరట. అయినా గ్రాంటులో 5 నుంచి 8 శాతం పరస్పర బీమా నిధికి మొదట్లోనే పట్టుకుంటారు. కొంత భాగం తుది నివేదిక ఆమోదం పొందేదాకా రాదు.

ముందస్తు చెల్లింపుతో వచ్చే ప్రమాదం వేరు. ఖాతాలో 800 కనిపిస్తుంది. అందులో 650 ఫలానా ప్రాజెక్టు కోసమే వాడాల్సిన సొమ్ము. సంస్థ స్వేచ్ఛగా వాడుకోగలిగింది 150. పాలక మండలికి బ్యాంకు నిల్వ ఒక్కటే చూపితే నిర్ణయాలు 800ను చూసి జరుగుతాయి. నెలాఖరున జీతాలకని ఒక గ్రాంటు సొమ్మును మరో గ్రాంటుకు "చేబదులు" వాడటం ఇక్కడే మొదలవుతుంది. వారంలో తిరిగి వేసినా అది నిధుల మళ్లింపే. నిధిదాత దాన్ని పొరపాటుగా చూడడు.

గ్రాంటు ఒక కరెన్సీలో, ఖర్చు మరో కరెన్సీలో ఉన్నప్పుడు మారకం నష్టం సాధారణంగా సంస్థ మీదే పడుతుంది. విదేశీ పరికరాన్ని మొదటి ఏడాదే కొనేలా ప్రణాళిక వేయడం దీనికి ఉన్న సులువైన రక్షణ.

ఖర్చు మొదలయ్యాక

మంజూరు పత్రం వచ్చిన వారంలో ప్రాజెక్టుకు సొంత అకౌంటు కోడ్ తెరవాలి. ఆలస్యమైతే తొలి కొనుగోళ్లు వేరే ప్రాజెక్టు కోడ్‌లో పడి, తర్వాత మార్చాల్సి వస్తుంది. ఎన్‌ఐహెచ్ విధానం ప్రకారం తప్పు కోడ్‌లో పడిన ఖర్చును గుర్తించిన 90 రోజుల్లోగా సరిచేయాలి, కారణం రాసి పెట్టాలి. డబ్బు అయిపోయిన గ్రాంటు నుంచి మిగులున్న గ్రాంటుకు చివరి నెలలో మారిన ఖర్చులు ఆడిట్‌లో మొదట బయటికొస్తాయి.

నెలవారీ నివేదికలో అయిదు గడులు ఉంటే చాలు: మంజూరు, ఖర్చు, కట్టుబడిన మొత్తం, మిగులు, చివరిదాకా అంచనా. మూడోది లేకపోవడం వల్లే ఎక్కువ నష్టం జరుగుతుంది. ఆర్డరు పెట్టి సరుకు రాని కొనుగోలు, సంతకమై బిల్లు రాని సబ్‌అవార్డు ఖర్చులో కనిపించవు. మిగులు ఉన్నట్టే ఉంటుంది.

అతి ఖర్చు కన్నా తక్కువ ఖర్చే ఎక్కువ తిప్పలు పెడుతుంది, ఎందుకంటే దాన్ని ఎవరూ సమస్యగా చూడరు. 36 నెలల ప్రాజెక్టులో 12 నెలలు గడిచాయి. కాలం 33 శాతం అయిపోయింది. ఖర్చు 18 శాతం, కట్టుబడింది 6 శాతం. కారణం వెతికితే పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ ముగించిన పరిశోధకులు) అయిదు నెలలు ఆలస్యంగా చేరారు. ఆ పని ముగియడానికి గ్రాంటు గడువు దాటి అయిదు నెలలు కావాలి. అదనపు నిధి లేకుండా గడువు పొడిగింపు దొరకవచ్చు, గడువు ముగిసేలోపే కోరితే. పోస్ట్‌డాక్ జీతం మిగిలే ఉంటుంది. కానీ మొదటి నెల నుంచి జీతం తీసుకుంటున్న టెక్నీషియన్‌కు ఆ అయిదు నెలలకు మిగిలింది సున్నా. పొడిగింపు ఉచితం అనే మాట నిధిదాతకే వర్తిస్తుంది. పన్నెండో నెలలో ఇది కనిపిస్తే పద్దుల సవరణ కోరడానికి ఇంకా రెండేళ్లు ఉంటాయి. ముప్పైమూడో నెలలో కనిపిస్తే కంగారు కొనుగోళ్లు మొదలవుతాయి. చివరి నెలలో కొన్న పరికరం ఈ ప్రాజెక్టుకు ఎలా ఉపయోగపడిందో చెప్పలేక సంస్థలు ఆ మొత్తాన్ని తిరిగి కట్టిన సందర్భాలు ఆడిట్లలో మామూలే.

ముగింపు లెక్కల్లో ఒక చిన్న గణితం గుర్తుంచుకోవాలి. అమెరికా ఫెడరల్ గ్రాంటు ముగిశాక తుది ఆర్థిక నివేదికకు 120 రోజులు. సబ్‌అవార్డు పొందిన భాగస్వామి తన లెక్క ప్రధాన సంస్థకు ఇవ్వడానికి 90 రోజులు. మధ్యలో ఉన్నది 30 రోజులే. ఆ 30 రోజుల్లో సరిచూడటం, ప్రశ్నలడగటం, చెల్లించడం పూర్తవ్వాలి. ఒప్పందంలోనే భాగస్వామి గడువును 60 రోజులుగా రాసుకుంటే ఊపిరాడుతుంది. ఆ తర్వాత వచ్చిన బిల్లు ఎంత న్యాయమైనదైనా సంస్థ జేబు నుంచే కట్టాలి.

ఇక ముందు

15 శాతం నోటీసు కోర్టులో ఆగినా, దాని వెనకున్న ఒత్తిడి ఆగలేదు. అమెరికా విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థల సంఘాలే 2025లో ఫెయిర్ అనే ప్రత్యామ్నాయ నమూనాను ముందుకు తెచ్చాయి. ఇప్పుడు శాతంలో కలిసిపోతున్న ఖర్చుల్లో వీలైనన్నిటిని ప్రాజెక్టు పద్దులుగానే విడివిడిగా చూపాలన్నది దాని సారం. వెలుపలి నుంచి చూసేవారికి డబ్బు ఎక్కడికి పోతోందో అర్థమవుతుంది, అది మంచి మార్పే. లోపల మాత్రం ఇప్పటిదాకా ఎవరూ కొలవని వాటిని కొలవాలి: ఏ ప్రాజెక్టు ఏ పరికరాన్ని ఎన్ని గంటలు వాడింది, నైతిక సమీక్ష కమిటీ ఎన్ని ఫైళ్లు చూసింది, కొనుగోళ్ల విభాగం ఏ ప్రాజెక్టుకు ఎన్ని ఆర్డర్లు పెట్టింది. పెద్ద విశ్వవిద్యాలయానికి ఈ కొలతలు సాఫ్ట్‌వేర్ పని. పదిహేనుమంది ఉన్న సంస్థకు అది ఒక కొత్త ఉద్యోగం, ఆ ఉద్యోగి జీతం ఏ పద్దులో పడుతుందన్నది మళ్లీ అదే ప్రశ్న.

విదేశీ భాగస్వాముల విషయంలో మార్పు ఇప్పటికే కనిపిస్తోంది. కొత్త విధానం సిద్ధమయ్యేదాకా విదేశీ సబ్‌అవార్డులు ఉన్న గ్రాంట్లు ఇవ్వబోమని ఎన్‌ఐహెచ్ 2025 మే 1న ప్రకటించింది. విదేశీ సంస్థతో నేరుగా లంకె పెట్టుకునేలా ఆ విధానాన్ని రూపొందిస్తామంది. ఇంతకాలం అమెరికా విశ్వవిద్యాలయం నీడలో సబ్‌అవార్డు తీసుకున్న సంస్థ ఇక పోర్టల్ నమోదు, నివేదికలు, ఆడిట్ అన్నీ సొంతంగా చూసుకోవాల్సి రావచ్చు. అలాంటి సంస్థలు ఇప్పుడు చేయగలిగిన పని ఒకటుంది: నడుస్తున్న సబ్‌అవార్డుల్లో ప్రధాన సంస్థ తమ తరఫున చేస్తున్న పనులేమిటో రాసుకుని, ఒక్కోదానికి ఎన్ని వ్యక్తి-నెలలు పడతాయో లెక్కగట్టి, వచ్చే దరఖాస్తు బడ్జెట్‌లో ఆ నెలలకు ఒక వరుస చేర్చడం.